బీప్ రహిత వార్డు

మా వాషర్‌మెన్‌పేట వార్డును బీప్ రహిత వార్డుగా తీర్చిదిద్దుతానని మా కౌన్సిలర్ కోదండరాంగారు మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బీప్ అంటే ఏమిటో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

సంగతేమిటంటే, ఆయన కొత్త కారు కొన్నారు. ఆయన ఇల్లున్న సందు చివర గోడ. కారు తిప్పుకునే చోటు లేదు. రోజూ రివర్స్‌లోనే బజారు వీధిలోకి రావాలి. అప్పుడు వెనక పక్కనుంచి బండి గానీ మనిషి గానీ అడ్డం వస్తే కారు బీప్ మంటుంది.

మొదటిరోజే మోగింది.

"ఏందిరా అది?"

"అడ్డంగా ఎవరో వస్తా ఉండారన్నా. మనల్ని ఆగమంటా ఉంది," అన్నాడు డ్రైవర్ ముత్తురాజ్.

"నన్నా?" కోదండరాంగారు కాసేపు ఆలోచించారు. "లేదప్పా. అంత రేటు పెట్టి కొన్న కారు నన్నెందుకు ఆగమంటాది? వాళ్ళని ఆపమంటా ఉంది!"

నాయకుడికీ మామూలు మనిషికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మేమైతే బ్రేకు వేసి ఊరుకునేవాళ్ళం.

మర్నాటినుంచి సందు మొదట్లో కార్యకర్తలు నిలబడ్డారు. బీప్ మనగానే కారులోంచి "పట్టండి!" అని కేక. దాటేవాళ్ళను పట్టి సందు లోపలికి, గోడ దగ్గరికి తోసేవారు. కారు వెళ్ళిపోయాక వదిలేవారు. కారుకు తంటా అంతా వెనకవైపే గనక ముందువైపు ఎంతమందిని పెట్టినా ఫరవాలేదట. స్కూటర్లు పోయాయి. నీళ్ళ క్యాన్ల బండి పోయింది. పెళ్ళికి బయల్దేరిన బ్యాండుమేళం పోయింది.

తర్వాత సందు మొదట్లోని కలైవాణి ఇడ్లీ బండి వంతు వచ్చింది.

"నా బండి కదలదు గదయ్యా!" అని మొత్తుకుంది ఆమె.

"నీ బండి కదలదమ్మా. తినేదానికి వచ్చేవాళ్ళు కదులుతా ఉండారే!"

"ఆ గోడకాడ ఎవరు తింటారయ్యా? ఇద్దరు బిడ్డల చదువు ఈ బండిమీదే ఉంది."

"వార్డు కోసం అడ్జస్ట్ చేసుకోవాలమ్మా," అన్నారు కోదండరాంగారు ఎంతో దయగా.

నేను పప్పుల మండీలో గుమాస్తాను. పొద్దున ఇడ్లీకి వీధి దాటి బీప్‌కు దొరికిపోయాను. గోడ దగ్గర ఆమెకు నేనొక్కణ్ణే బేరం. పులిసిన పిండి పారబోస్తున్న ఆమెను చూస్తే నాకు ముద్ద దిగలేదు. అయినా అభివృద్ధికి సహకరించాలి గనక ఇంకో రెండు వేయించుకున్నాను.

'బీప్ రహిత వార్డు' అని రాయించిన బోర్డు ఆవిష్కరణకు మంత్రి బాలసుందరంగారు వస్తున్నారని కబురొచ్చింది. బీప్ రాకుండా కారు వేదిక దగ్గరికి చేరితే కోదండరాంగారికి ఎమ్మెల్యే టికెట్టు ఖాయమని వార్డంతా చెప్పుకున్నారు. ఆ రోజు జాగ్రత్తకోసం నన్నూ, బ్యాండుమేళంవాళ్ళనూ ముందుగానే గోడ దగ్గర పెట్టారు.

కారు వెనక్కి కదిలింది. కోదండరాంగారు ముందుకు చూస్తూ మాకు చెయ్యి ఊపుతున్నారు. వీధి ఖాళీ. సరిగ్గా సందు మొదట్లో బీప్ మంది.

"పట్టండి!"

మా కార్యకర్తలు ముఖాలు చూసి పక్షపాతం చూపించే రకం కాదు. మెళ్ళో దండతో, జోడించిన చేతులతో నడిచొస్తున్న మనిషిని అలాగే ఎత్తుకొచ్చి గోడ దగ్గర దించారు.

దించాక ముఖం చూశారు.

మంత్రిగారు కండువా సర్దుకున్నారు. "నేనేం తప్పు చేసినాను?"

"మీరు గూడా కారు వెనకాల దాటినారా అయ్యా?" అని కలైవాణి జాలిపడింది. "కూర్చోండి. రెండా, నాలుగా?"

ఆయన్ని వెతుక్కుంటూ పీఏ వచ్చాడు. పోలీసులు వచ్చారు. పేపరువాళ్ళు వచ్చారు. కాళ్ళమీద పడదామని వచ్చిన కార్యకర్తలు వాసనకు ప్లేట్లు అందుకున్నారు. బ్యాండుమేళంవాళ్ళు అందుకున్నారు. రెండో వాయి దింపకముందే మూడోదానికి గొడవ మొదలైంది. కలైవాణి ముఖం వెలిగిపోతుంటే నాకు పట్టరాని సంతోషం వేసింది.

అవతల వేదికమీద మైకులో కోదండరాంగారి గొంతు మోగింది.

"చూసినారా! ఇప్పుడు ఒక్క బీప్ గూడా లేదు!"

చప్పట్లు కొట్టాల్సినవాళ్ళందరూ మా దగ్గరే ఉన్నారు. వాళ్ళ చేతులు ఖాళీగా లేవు.

"కలైవాణమ్మా," అన్నారు మంత్రిగారు, "ఇంకొంచెం చట్నీ."