హాలు గోడకు పడ్డ పగులు

ఆదివారం పొద్దున్న, ఆ సాయంత్రం ఇంట్లో ఒకరినొకరు బోల్తా కొట్టించుకునే బురిడీ పార్టీ ఉంటుందని డ్రాయింగు టీచరు ప్రకటించింది. షరతు ఒక్కటే. బోల్తా పడినవాళ్ళు పార్టీ గిన్నెలన్నీ తోమాలి.

పైకి చెప్పిన కారణం సరదా. అసలు కారణం వంటింటి కప్పు. పై వాటాలో ఇంటి ఓనరు నీళ్ళు వాడినప్పుడల్లా కింద పొయ్యి మీద చినుకులు పడేవి. పెచ్చులు కూడా లేచాయి. ఎప్పుడు చెప్పినా ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, "చూద్దాంలేమ్మా" అని వెళ్ళిపోయేవాడు. పార్టీ పేరుతో ఒక్కసారి వంటింట్లోకి నడిపిస్తే ఆయనే కళ్ళారా చూస్తాడని ఆమె ఆశ.

"నువ్వేమో గొడుగు పట్టుకుని వంట చేస్తావు. వాడేమో కూర పల్చగా ఉందంటాడు" అంది అత్తగారు కొడుకుని తలుచుకుని.

ఆ కొడుకు కళ్ళజోళ్ళ షాపులో జనానికి చూపు పరీక్ష చేస్తాడు. అతన్ని బోల్తా కొట్టించడానికి టీచరు హాలు గోడ మీద కప్పు నుంచి సోఫా దాకా నీళ్ళ రంగులతో పెద్ద పగులు వేసింది. చూస్తే గుండె ఆగేలా వచ్చింది. భర్త దాని కిందే కూర్చుని పేపరంతా చదివాడు. ఆ గోడకే ఉన్న గడియారంలో టైము చూసుకుని లేచాడు.

"వాడంతేనమ్మా" అత్తగారు ఓదార్చింది. "పెళ్ళయిన వారానికి, ఈ అమ్మాయి కళ్ళజోడు పెట్టుకుంటుందా అని నన్నడిగాడు."

ఓనరును పిలిచే పని భర్తకు అప్పగించారు. అతను నిజాయితీపరుడు. "సార్, మా ఇంట్లో ఈ సాయంత్రం కనపడేదేదీ నమ్మకండి" అని మరీ చెప్పి వచ్చాడు.

దాంతో ఓనరు సాయంత్రం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని దిగాడు. కుర్చీ తిరగేసి చూసి కూర్చున్నాడు. బిస్కెట్టును బల్లకేసి కొట్టి చూశాడు. టీచరుతో పాటు పనిచేసే లెక్కల మాస్టారి మీసం పట్టుకుని లాగాడు. మీసం నిజమైనదే.

టీచరు ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్ళింది. పైన ఆయన భార్య బట్టలుతుకుతోంది. కప్పు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"భలే భలే! పైపు ఎక్కడ దాచావమ్మా?" అన్నాడు ఓనరు.

"పైపేం లేదండీ. మీ బాత్రూమే."

"నాకు ముందే తెలుసులే!"

"నిజం నాయనా, ఒట్టు" అంది అత్తగారు.

"పెద్దమ్మగారూ, మీరు కూడానా! ఈ వయసులో ఏం నటన!"

ఆయన గరిటె తీసుకుని పైపు కోసం కప్పును పొడిచాడు. చాటంత పెచ్చు ఊడి భుజం మీద పడింది. ఆయన దులుపుకుని చప్పట్లు కొట్టాడు. టీచరుకు ఏడుపొక్కటే తక్కువ. ఇంక జన్మలో ఈ కప్పు గురించి నోరెత్తడానికి లేదు.

ఓనరు విజయగర్వంతో హాల్లోకొచ్చి చెప్పులు తొడుక్కుంటూ తలెత్తాడు. గోడ మీద పగులు కనపడింది.

"ఇది కూడా బొమ్మేగా?" అన్నాడు నవ్వుతూ.

భర్త అటు తిరిగాడు. పగులును అప్పుడే మొదటిసారి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మో! పొద్దున్నుంచీ దీని కిందే కూర్చున్నాను!" అని సోఫాకు దూరంగా జరిగాడు.

ఆ మొహం నటించే మొహం కాదని ఓనరుకు తెలుసు. ఆయన నవ్వు ఆగిపోయింది. టీచరు నిజం చెప్పబోయింది. అత్తగారు ఆమె కాలు తొక్కింది.

"వంటింటి చెమ్మే ఇలా పాకిందేమో" అంది అత్తగారు నిదానంగా. "సరిగ్గా ఈ గోడకు పైనే కదా నాయనా, మీ మంచం ఉండేది?"

"అయితే వంటింట్లోది..."

"మొదట్నించీ మొత్తుకుంటున్నాం కదయ్యా!"

ఓనరు మెట్ల మీద పరుగెత్తుకెళ్ళి భార్య చేతిలోని బకెట్టు లాక్కున్నాడు. మర్నాడు తెల్లారకముందే ప్లంబరును, తాపీమేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. వంటింటి కప్పు సాయంత్రానికల్లా కొత్తదైంది. ఆ తరువాత ఆయన మేస్త్రీతో హాల్లోకి వచ్చాడు. అప్పటికే అత్తగారు తడిగుడ్డతో తన పని పూర్తి చేసింది. గోడ నున్నగా ఉంది.

ఓనరు చేత్తో తడిమి చూశాడు. వేలితో కొట్టి చూశాడు.

"చూశావా అమ్మా" అన్నాడు చివరికి. "చెమ్మ ఆగింది, పగులు దానంతటదే పూడుకుపోయింది. నేను కట్టించిన ఇల్లంటే అదీ!"

టీచరు తల ఊపింది. వంటింట్లో భర్త నిన్నటి పార్టీ గిన్నెలు తోముతున్నాడు. తోమమన్నారు కాబట్టి తోముతున్నాడు గానీ, తను ఎక్కడ బోల్తా పడ్డాడో అతనికి ఇంతవరకూ తెలియదు.