ముందు జీవరత్నం, తర్వాత శాంతి

ఆ శనివారం పొద్దున్న విక్టర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో రాజాం బస్సెక్కాలి. దారిలో స్నేహితుడు యుగంధర్‌కి ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పాలి. రాజాంలో దిగి స్వీట్లు కొనుక్కుని మధ్యాహ్నానికల్లా శాంతి వాళ్లింటికి చేరాలి. విజయనగరం నుంచి అమ్మా నాన్నా నేరుగా అక్కడికే వస్తారు. తర్వాత పని అంతా శాంతి నాన్నగారిది. ఆయన ఒక్కసారి తలూపితే చాలు.

ఆ తల ఊపించడమే కష్టం. బీఈడీ చదివే రోజుల నుంచీ విక్టర్‌కి శాంతి అంటే ప్రాణం, శాంతికీ అంతే. శాంతి నాన్న జీవరత్నం గారు కాదన్న పాపాన పోలేదు, అలాగని ఔననీ అనలేదు. రాజాం బాప్టిస్టు చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద. బృందంలోకి కొత్తగా ఎవరొచ్చినా, సంబంధం ఎవరు తెచ్చినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట: "సూద్దాం." ఏడాదిపాటు సూడగా సూడగా ఈ శనివారం పెళ్లిచూపులకు ఒప్పుకున్నారు. ఇవాళ కూడా సూద్దాం అంటే ఇక ఆ ఇంటి గడప తొక్కేది లేదని విక్టర్ నాన్న జాన్ గారు ముందే తేల్చి చెప్పేశారు.

ఇక యుగంధర్ సంగతి. కళింగపట్నంలో సముద్రం మీద బతికే ఇంటి కుర్రాడు. విక్టర్‌తో డిగ్రీ చదివాడు. ఇద్దరికీ పిచ్చి ఒకటే. చేతిలో పట్టేంత వీడియోగేములో వింత జంతువుల్ని సాకి, వాటిని ఎదుటివాడి జంతువుల మీదికి ఉసిగొల్పే ఆట అది. జట్టుకి ఆరు జంతువులు. బలమైన వాటినే ఆరింటిని ఏరుకుంటే గెలుస్తామనుకునేవాడు మొదటి ఆటలోనే మట్టి కరుస్తాడు. ఒకటి దెబ్బలు కాయాలి, ఒకటి విషం చిమ్మాలి, ఒకటి నిద్రపుచ్చాలి, ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చాలి. బరిలో ఉన్నది పడిపోతే దాని బదులు దిగేది దెబ్బ తినకుండా లోపలికి వస్తుంది. అవతలివాళ్లు అలిసిపోయాక చివరికొకటి వచ్చి అందర్నీ ఊడ్చిపారేయాలి.

ఆ జంతువుల అసలు పేర్లు యుగంధర్‌కి నోరు తిరగనివి. అందుకని ఇద్దరూ తమకి తెలిసిన వాళ్ల పేర్లే పెట్టుకున్నారు. వల విసిరి ఎదుటివాణ్ణి పారిపోనివ్వని దానికి యుగంధర్ నాన్న నూకయ్య పేరు. నీళ్లలోంచి లేచి మాటామంతీ లేకుండా మీద పడేదానికి వాళ్లమ్మ బుల్లమ్మ పేరు. కళ్లలోకి చూసి నిద్రపుచ్చేది జగన్నాధం. అది విక్టర్ పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టరు గారి పేరు, ఆయన ప్రసంగం విన్నవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. ఎన్ని తన్నినా కదలని రాతి జంతువుకి జీవరత్నం అని కాక ఇంకేం పెడతారు? రెక్కలతో దూసుకొచ్చి ఆట ముగించేది శాంతి. విషం చిమ్మేది దానమ్మ. దానమ్మ అంటే శాంతి మేనత్త, అరసవల్లిలో కాపురం. విక్టర్ ఆవిణ్ణి ఎన్నడూ చూడలేదు. శాంతి చెప్పిన కబుర్లను బట్టి పెట్టిన పేరది.

సరిగ్గా ఆ శనివారమే విశాఖపట్నంలో ఆ ఆటకి పోటీ వచ్చిపడింది. పెళ్లిచూపులు మానుకోలేడు కనక విక్టర్ జట్టుని యుగంధర్ చేతిలో పెట్టి పంపించాడు. యుగంధర్ చెయ్యి మంచిదే కాని, పక్కన చెప్పేవాడు లేకపోతే కంగారు పడతాడు. బస్సు చిలకపాలెం దాటగానే ఫోన్ మోగింది. సిగ్నల్ అంతంతమాత్రం. ఇద్దరూ గొంతులు చించుకున్నారు.

"ఒరే మావా, రెండు గంటల్లో నా వొంతు వచ్చీస్తాది. ముందు ఎవల్ని పంపాలి?"

"జీవరత్నాన్ని పంపు!"

"అవతలోడు గట్టోడ్రా. సచ్చిపోతాడేమో!"

"సావనీరా! సావాలనే కదా పంపమంతన్నాను! జీవరత్నం సచ్చేడంటే శాంతి ఫ్రీగా లోపలికొచ్చేస్తాది. దాని ఒంటి మీద ఒక్క దెబ్బ పడదు."

"మరి దానమ్మ?"

"మద్దిలో దానమ్మ సేత ఇసం పెట్టించు. పెట్టించీసేక అది సచ్చినా బతికినా ఒకటే, దాని మీద నాకు ఆశ లేదు."

విక్టర్ ఫోన్ జేబులో పెట్టుకుని నిశ్చింతగా కిటికీలోంచి పొలాలు చూశాడు. అతని ముందు సీట్లో ఒళ్లో జీడిపప్పు మిఠాయి డబ్బా పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ మాత్రం బిగుసుకుపోయింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. పొందూరులో జనం దిగగానే డబ్బా పట్టుకుని డ్రైవరు పక్కకి వెళ్లిపోయింది. మేనకోడలి పెళ్లిచూపులకి వంట సాయానికని బయల్దేరిన దానమ్మ ఆవిడే. దానమ్మ చెవులు మంచివి, నోరు ఇంకా మంచిది.

రాజాంలో విక్టర్ స్వీటుషాపు అద్దంలో తల దువ్వుకుంటున్న సమయానికి దానమ్మ ఆటో దిగి తమ్ముడి ఇంట్లో పడింది.

"ఒరే రత్నం! నిన్ను సంపేత్తారట్రా! బస్సులో నా సెవుల్తో ఇన్నాను. నువ్వు సచ్చేక శాంతిని ఎత్తుకుపోతారంట. నా సేతే ఇసం పెట్టిత్తారంట!"

జీవరత్నం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీ సేతా? నాకు నువ్వెందుకు ఇసం పెడతావే అక్కా?"

"అదే నాకూ అర్తం కాటం లేదు!"

"ఎవలాడు?"

"మొకం సూళ్లేదు. గొంతు ఇన్నాను. మళ్లీ ఇంతే గురుతు పడతాను."

జీవరత్నం చాలాసేపు ఆలోచించి, "సూద్దాం," అన్నారు.

సూస్తూ కూర్చోవడం దానమ్మ వల్ల అయ్యే పని కాదు. తమ్ముడికి ప్రాణాపాయం, ప్రార్థన చెయ్యండని చర్చి స్త్రీల సమాజానికి ఫోన్ కొట్టింది. ఆ ఫోన్ ఎత్తినావిడ పక్కింటావిడతో జీవరత్నం గారికి ప్రాణం మీదికొచ్చిందని చెప్పింది. పక్కింటావిడ పాటల బృందంలో అమ్మాయికి చెప్పేసరికి మీదికి వచ్చిన ప్రాణం కాస్తా పోయింది. చిలవలు పలవలు అల్లడానికి రాజాం పెద్ద ఊరేం కాదు, కాని చాలినంత ఊరే.

ఈ కథేమీ తెలియని విక్టర్ స్వీట్ల పెట్టెతో లోపలికి వచ్చి, "వందనాలండి," అన్నాడు. అమ్మా నాన్నా అప్పటికే వచ్చి కూర్చున్నారు. అమ్మ లీలారాణి మొహంలో నవ్వు లేదు. వచ్చిన దగ్గర్నుంచీ పెళ్లికూతురి తండ్రి తమని పలకరించడం మాని గేటుకేసే చూస్తున్నారని ఆవిడ బాధ. ఏడాది ఆగి వస్తే ఇదా మర్యాద? ఇవాళ సూద్దాం అని కూడా అనరేమో, పొమ్మంటారేమో అనిపించింది విక్టర్‌కి. దిగులుతో తలొంచుకుని కూర్చున్నాడు.

దానమ్మ టీ కప్పులు పట్టుకొచ్చింది. మొదటిది తమ్ముడికిచ్చింది. ఆయన గేటు మీంచి చూపు తిప్పకుండానే ఒక గుక్క తాగారు. అప్పుడు మోగింది విక్టర్ ఫోన్. నొక్కేసి కట్ చేద్దామన్న తొందరలో స్పీకరు నొక్కాడు.

"మావా! జీవరత్నం సచ్చిపోనాడ్రా!" యుగంధర్ గొంతు హాలంతా మోగింది. "అచ్చం నువ్వు సెప్పినట్టే! దానమ్మ పెట్టిన ఇసం ఎంత బాగా పన్జేసిందనుకున్నావు! ఇగో, శాంతి లోపలికొచ్చీసినాది!"

మిఠాయి పళ్లెంతో శాంతి లోపలికి వచ్చింది.

జీవరత్నం చేతిలోని కప్పు వంక చూశారు. తర్వాత అక్క వంక చూశారు. దానమ్మ కెవ్వుమంది. "నేనేటీ కలపలేదురా! పంచదారే ఏసినాను! ఒరే, ఈడే! బస్సులోని గొంతు ఈడిదే!"

జాన్ గారు లేచి నిలబడ్డారు. లీలారాణి కొడుకు చెయ్యి పట్టుకుని, "ఏటి సేసేవురా?" అంది ఏడుపు గొంతుతో. తన చేత్తో తనే శాంతిని పోగొట్టుకున్నానని విక్టర్‌కి అర్థమైంది.

నవ్వింది శాంతి ఒక్కతే. పళ్లెం బల్ల మీద పెట్టి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "నాన్నా, అది ఆట! సెప్పలేదా, విక్టర్ జంతువుల ఆట ఆడతాడని. ఆటి పేర్లే నాన్నా మనవి. సచ్చిపోయింది రాయి!"

విక్టర్ గబగబా ఫోన్‌లో జట్టు ఫొటో తీసి చూపించాడు. జీవరత్నం కళ్లజోడు పెట్టుకుని బండలాంటి ఆ జంతువుని చూశారు. దాని కింద తెలుగులో తన పేరుంది.

"నేను ఏటి రకం?" అన్నారు.

ఏటి అంటే ఏమిటి అని పుట్టినప్పటి నుంచీ వింటున్నా, ఆ కంగారులో విక్టర్‌కి ఏరు తప్ప ఏమీ తోచలేదు. "ఏటి రకం బుల్లమ్మండి. మీరు రాతి రకం."

"ఊఁ. మరి నన్నెందుకు సావనిచ్చేవు?"

ఇక దాచేదేముందనుకున్నాడు విక్టర్. "అవతలోళ్ల దెబ్బలన్నీ మీరొక్కరే కాసుకుంటారండి. ఆ జట్టులో ఇంకెవరూ తట్టుకోలేరు. మీరు పడిపోయేదాకా నిలబడితేనే శాంతి ఒక్క దెబ్బ తినకుండా లోపలికి రాగలదు. శాంతి గెలవాలంటే ముందు మీరుండాలండి."

జీవరత్నం కూతురి వంక చూశారు. భార్య పోయినప్పటి నుంచీ ఆ పిల్లని ఆయన ఒక్కచేత్తో పెంచారు. ఆ దెబ్బల లెక్క ఎవరికీ చెప్పుకోలేదు. కళ్లజోడు మళ్లీ తీసి తుడిచారు, ఈసారి కళ్లు కూడా తుడుచుకున్నారు.

"అందరూ పైగొంతు సోప్రానోలే అయితే అది పాట కాదు, కాకిగోల," అన్నారు చివరికి. "అడుగున బేసు గొంతు ఒకటుండాల. అది ఎవలికీ ఇనపడదు, నిన్ను తప్ప ఇన్నోణ్ణి నేను సూళ్లేదు. మరి శాంతి గెలిసినాదా?"

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. "గెలిసీసినాది బాబూ!" అన్నాడు యుగంధర్ అందులోంచి. "తమరు ఎవలండి?"

"జీవరత్నాన్ని."

అవతల ఫోన్ కట్టయిపోయింది.

"జాన్ గారూ, కూకోండి," అన్నారు జీవరత్నం. "మాకు ఇష్టవే. ముహూర్తం మీరే సెప్పండి. ఇంక సూసేదేటీ లేదు."

విక్టర్ గుండెల మీంచి బండ దిగిపోయింది. లీలారాణి కొంగుతో కళ్లు ఒత్తుకుని, చల్లారిన టీ అమృతంలా తాగేసింది. శాంతి నవ్వు ఇంకా ఆగలేదు. దానమ్మ మాత్రం మెల్లగా దగ్గరికొచ్చి, "మరి నేను ఏటి జంతువునయ్యా?" అంది.

"దెబ్బలకి మందు రాసేదండి," అన్నాడు విక్టర్. పెళ్లికొడుకు అయ్యాక ఆడిన మొదటి అబద్ధం అది.

అప్పుడు గేటు దగ్గర పాట మొదలైంది. అందరూ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. తెల్లచీరల్లో స్త్రీల సమాజం, పుస్తకాలు పట్టుకుని జీవరత్నం గారి పాటల బృందం, అందరికంటే ముందు పెద్ద పూలచక్రంతో ఇద్దరు కుర్రాళ్లు. పాస్టరు గారు గొడుగు మడిచి చెమట తుడుచుకుంటున్నారు. బంధువులకి కబురు పంపారా, భూస్థాపన రేపేనా అని ఆయన ఎవరినో అడగడం స్పష్టంగా వినిపించింది. పూలచక్రం మీద జీవరత్నం గారి పేరు తప్పు లేకుండా రాయించారు. జీవరత్నం మాత్రం పాటనే ఓ నిమిషం విని, "ఆల్టో గొంతు శ్రుతి తప్పినాది," అని గొణిగారు.

ఇప్పుడు ఎవరో ఒకరు బయటికి వెళ్లి, శవం టీ తాగుతోందని ఆ ఊరందరికీ చెప్పాలి.

"నా మీదొట్టు, నేనెల్లను," అంది దానమ్మ. "ఆళ్లు నన్ను బతకనీరు."

జీవరత్నం కుర్చీలో తాపీగా వెనక్కి వాలి, అల్లుడి వంక చూసి కన్ను గీటారు.

"ముందు దానక్కని పంపండి. దెబ్బలన్నీ ఆవిడ కాసీసేక నేను ఫ్రీగా ఎల్తాను."

చివరికి దానమ్మే వెళ్లి ఊరి తిట్లన్నీ తింది. జంతువుల ఆటలో ఒకసారి పడిపోయినవాళ్లు మళ్లీ బరిలోకి దిగకూడదని నియమం. పెళ్లయ్యేదాకా దానమ్మ రాజాం రాకుండా ఆ నియమం పాటించింది.