పిల్లి స్టిక్కరున్న దాల్చినచెక్క పెట్టె

క్యోటోలో మా వీధి మొత్తమ్మీద నా అంత నమ్మకస్తురాలు లేదు. అందుకే మా హిసానో అత్తయ్య ఆ మిఠాయి పెట్టెను ముందురోజు నుంచీ నా గదిలోనే దాచింది.

మా దగ్గర పొద్దున్నే ఎవరి గుమ్మం ముందు వాళ్ళు ఊడ్చుకుంటారు. పక్కింటి వైపు ఓ మూరెడు ఊడిస్తే మర్యాద. అంతకు మించితే, నీకు ఊడ్చుకోవడం చేతకాదని మొహమ్మీదే అన్నట్టు. నలభై రోజుల కిందట అత్తయ్య ఏదో ఆలోచిస్తూ పక్కింటి కినుయో గారి గుమ్మం దాకా ఊడ్చేసింది. చెత్తతో పాటు ముప్పై ఏళ్ళ స్నేహమూ పోయింది. ఇద్దరూ రోజూ సాయంత్రం వీధి స్నానశాలకు కలిసెళ్ళి ఒకరి వీపు ఒకరు రుద్దుకునేవాళ్ళు. ఇప్పుడు అత్తయ్య వీపు నలభై రోజులుగా సగమే శుభ్రం.

అందుకే ఆ రోజు పొద్దున్నే పెట్టెతో బయల్దేరింది. దాల్చినచెక్క వేసి కాల్చిన బిళ్ళలు ఇరవై నాలుగు. ఇంటి పెంకుల్లా వంపు తిరిగి కరకరలాడేవి.

"ఇంత బరువుందేంటే?"

"క్షమాపణ కదత్తయ్యా, బరువుగానే ఉంటుంది."

"మూలన ఈ పిల్లి స్టిక్కరేంటి?"

"కొత్త ఫ్యాషన్."

కినుయో గారు పెట్టెను రెండు చేతులా అందుకుని, "అయ్యో, ఎందుకండీ ఈ శ్రమ!" అన్నారు. ఇచ్చినవాళ్ళ ఎదుట విప్పడం మర్యాద కాదు కాబట్టి విప్పలేదు. ఇంటికొచ్చి అత్తయ్య కూలబడింది. "'అండీ' అందే! ఇదివరకు 'ఏమే' అనేది!"

మర్నాడు అత్తయ్య టర్నిప్ ఊరగాయ పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరకెళ్ళింది. ఊరికే పుచ్చుకుంటే పరువు పోతుంది కదా, డాక్టరు భార్య బదులుగా ఓ పెట్టె చేతిలో పెట్టింది. మూలన పిల్లి.

అత్తయ్య పెట్టెను సంచిలో వేసుకుని తిన్నగా కినుయో గారింటికి నడిచింది. వెనకాల నేను.

"బిళ్ళలెలా ఉన్నాయండీ?"

"అమోఘమండీ! మా ఆయన ఒక్కటీ మిగల్చలేదు."

అత్తయ్య సంచిలోంచి పెట్టె తీసింది. కినుయో గారి మొహం ఎర్రబడింది.

"కొత్త పళ్ళసెట్టండీ. అంత గట్టివి కొరకలేక డాక్టరు గారికిచ్చాను. పారేయలేదుగా!"

"కనీసం విప్పి చూశారా?"

"ఇదిగో, ఇప్పుడు చూస్తానండీ!"

విప్పారు. లోపల వరసగా ఇరవై నాలుగు పెంకు ముక్కలు.

"ఏమే హిసానో! ఊడ్చింది చాలక నా పళ్ళు కూడా ఊడగొడదామనుకున్నావటే!"

'ఏమే' వచ్చేసింది. అత్తయ్య కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "నేను పెట్టలేదే! నీ మీద ఒట్టు!"

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. కినుయో గారు నా నోటి దగ్గరకొచ్చి వాసన చూశారు.

"దాల్చినచెక్క."

"నాలుగుసార్లు పళ్ళు తోముకున్నానండీ," అన్నాను.

ఎంతో ఐకమత్యంగా గంటసేపు తిట్టారు. తర్వాత తువాళ్ళు భుజాన వేసుకుని కలిసి స్నానానికెళ్ళారు. ఈ ఏడాదంతా రెండు గుమ్మాలూ నేనే ఊడవాలట.

సరే, ఒప్పుకుంటున్నా. ఇరవై నాలుగూ నేనే తిన్నాను. పెంకులు మాత్రం కినుయో గారి ఇంటి కప్పు మీదివి. ఆ సంగతి వాన పడ్డాక చెబుదామని ఆగాను.