బాతుతో వచ్చిన మంత్రి

ఆ మంగళవారం గాస్పార్ తెసియే వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటిదాకా సినిమాలో దొంగ వేషం వేసి పరుగెత్తాలి. పదకొండింటికి నాటకశాలకు వెళ్లి మంత్రి సంభాషణ చదివి వినిపించాలి. తొమ్మిదేళ్లుగా అదే వేదిక మీద ఈటె పట్టుకుని ఓ మూల నిలబడ్డవాడికి అలాంటి పిలుపు రావడమంటే మాటలా?

“సినిమా సంగతి లకాజ్ గారి చెవిన పడితే?” నల్లకోటు ఇస్త్రీ చేస్తూ అడిగింది భార్య లెయొంతీన్. నాటకశాల అధిపతి లకాజ్ గారికి సినిమా పేరెత్తితే ఒళ్లు మంట. తెరమీద కనబడ్డవాడికి తన వేదిక మీద చోటు లేదని తలుపుకే కాగితం అంటించారు.

“తెరమీద మన పేర్లు వెయ్యరుగా! పైగా మొహం నిండా పిండి. మా అమ్మ కూడా పోల్చుకోదు,” అంటూ గాస్పార్ కాఫీలో రొట్టె ముంచుకు తిన్నాడు.

సినిమా తీసే బెల్విల్ కొండ మీద మబ్బు పట్టింది. ఎండ లేనిదే బొమ్మ పడదు. బాతు దొంగ వేషంలో, చంకలో ప్రాణమున్న బాతుతో గాస్పార్ ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాడు. పదీ నలభై అయింది. సినిమా యంత్రం తిప్పే ఫిర్మాన్ మాత్రం తీరిగ్గా పైపు కాల్చుకుంటున్నాడు.

“ఇక నావల్ల కాదు, పోతున్నా!” అని గాస్పార్ కొండ దిగువకు పరుగు లంకించుకున్నాడు. చంకలో బాతు ఉందన్న సంగతి రెండు వీధులు దాటాక గానీ గుర్తురాలేదు. వెనక్కి వెళ్లే వ్యవధి ఎక్కడిది?

ఆ రోజుల్లో పారిస్‌లో ఎవడు పరుగెత్తినా జనం ముందు సినిమా యంత్రం ఎక్కడుందా అని వెతికేవాళ్లు. వెంటపడితే చాలు, శనివారం తెరమీద తమ మొహాలు తామే చూసుకోవచ్చు. చేపలమ్మే మదలోన్ అతన్ని చూడగానే బుట్ట చంకనెత్తుకుంది.

“ఒసేయ్, ఆ సినిమా దొంగేనే! ఇవాళ మన వీధిలో తీస్తున్నారు, రండర్రా!”

రొట్టెలవాడు వచ్చాడు. ఉయ్యాల బండితో ఆయా వచ్చింది. సైకిలు మీద ఓ పాదిరీ కూడా వచ్చాడు.

“తల్లీ, నీకు దణ్ణం పెడతా! ఇది సినిమా కాదు, నిజంగానే పరుగెడుతున్నా!” అని గాస్పార్ అరిచాడు.

మూలనున్న పోలీసు ఆ మాట విన్నాడు. నిజమైన పరుగు, చంకలో బాతు! ఈల ఊది అతనూ వెంటపడ్డాడు. సరిగ్గా అప్పుడే దిక్కుమాలిన ఎండ కాసింది. ఫిర్మాన్ యంత్రాన్ని కూరగాయల బండెక్కించి, తిప్పుతూ బయల్దేరాడు.

నాటకశాల మెట్ల మీద లకాజ్ గారు గడియారం చూసుకుంటున్నారు. భారీ మనిషి, కోటుకు పతకం. గాస్పార్ ఆయన కాళ్ల దగ్గర ఆగి, రొప్పుతూనే మంత్రి సంభాషణ మొదలుపెట్టాడు. “మహారాజా! నా తల తీయించండి, కానీ నా మాట...” బాతు అరిచింది. జనం చప్పట్లు కొట్టారు.

“ఛీ! సినిమాగాడివా నువ్వు? నా గడప తొక్కుతావా?” అంటూ లకాజ్ గారు బాతు మెడ పట్టి లాగారు. అది ఆయన ముక్కు పట్టుకుంది. ఆయన మెట్లన్నీ దొర్లి మదలోన్ చేపలబుట్టలో కూలబడ్డారు. బండి మీద యంత్రం తిప్పుతున్న ఫిర్మాన్ చెయ్యి మాత్రం ఆగలేదు.

“మంత్రి పాత్రకు నీళ్లొదులుకోవడమే,” అని ఆ పూట గాస్పార్ భార్య ముందు ఏడ్చేశాడు. పాపం, ఆమె ఆ నల్లకోటు మడిచి పెట్టెలో పెట్టేసింది.

మూడు వారాలకు నాటకశాల నుంచి కబురొచ్చింది. ఉన్న ఈటె కూడా ఊడిందనుకుంటూ వెళ్లాడు. లకాజ్ గారు తలుపు గడియ పెట్టారు.

“బొమ్మ చూశావా?”

“లేదండీ, ధైర్యం చాలలేదు.”

“నేను నాలుగుసార్లు చూశాను. నిన్ను చూసి నవ్వుతున్నారు, సరే. నేను పడుతుంటే కుర్చీల్లోంచి దొర్లిపోతున్నారయ్యా! ఆ కంపెనీవాళ్లు ఇంటికొచ్చి కాళ్లావేళ్లా పడ్డారు. ప్రతి సోమవారం నేను పడాలట.” ఆయన గొంతు తగ్గించారు. “ఈ సంగతి ఇక్కడెవరికీ తెలియకూడదు. మంత్రి పాత్ర నీదే.”

 గాస్పార్ ఆనందంతో గొంతు సవరించుకుని, “మహారాజా! నా తల తీయించండి...” అని అందుకున్నాడు.

“అదంతా ఎందుకు గానీ,” అన్నారు లకాజ్ గారు కోటు విప్పుతూ, “తుంటి విరక్కుండా ఎలా పడాలో ముందు చూపించు.”