కొర్రలదొడ్డిని ఏ దేశమూ గుర్తించరాదు

విడిపోయినవాళ్లకు మనం చేయగలిగిన పెద్ద మేలు ఒక్కటే. వాళ్లను గుర్తించకపోవడం!

నవ్వకండి. ఈ సత్యాన్ని కనిపెట్టింది ఐక్యరాజ్యసమితి కాదు, ఢిల్లీలో కోటు తొడుక్కున్న మేధావులూ కాదు. ఆదోనికి పడమట, కర్ణాటక గట్టును ఆనుకొని ఉన్న బండెహాల్ సర్పంచ్ నబీ సాబ్. ఆయనకు ఈ జ్ఞానోదయం ఎనభై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో, పంచాయతీ ఆఫీసు అరుగు మీద, రెండో బీడీ సగం కాలిన తర్వాత కలిగింది.

తొమ్మిది గంటల బస్సుకు ఆదోని నుంచి పేపరు వస్తుంది. రిటైరైన అయ్యవారు వెంకోబారావు దాన్ని అరుగు మీద చదివి వినిపిస్తాడు. ఆ రోజు నాలుగో పేజీ మూలన సోమాలియా గురించి ఆరు లైన్లు పడినాయి. ఆ దేశంలో ఉత్తరాన యుద్ధం జరుగుతాందట, జనం ఊర్లు ఇడిసిపెట్టి పోతాండారట.

"ఇట్లే పోతే ఆ ఉత్తరాదోళ్లు మా దేశం మాకు కావాలంటారేమో," అని వెంకోబారావు పేపరు మడిచినాడు.

నబీ సాబ్ బీడీ పారేసి దిగ్గున లేచినాడు. "గుర్తించకూడదు!"

"ఎవరప్పా?"

"ఎవురూ గుర్తించకూడదు! అమెరికా గుర్తించకూడదు, రష్యా గుర్తించకూడదు. పక్కదేశమోళ్లు అసలే గుర్తించకూడదు. రాయండి అయ్యవారూ, తీర్మానం!"

"వాళ్లు విడిపోతామని ఇంకా అననేలేదు గదా నబీ సాబూ?"

"అన్నాంక రాస్తే ఏం లాభం?"

దూరదృష్టి అంటే ఇదీ! అగ్రరాజ్యాలు ఇంకా మంచం దిగకముందే బండెహాల్ పంచాయతీ మేలుకొంది. సోమాలియా ఎక్కడుందని అడిగితే, నబీ సాబ్ సముద్రం అవతల అని చెప్పగలడు. ఆ సముద్రం ఏదని మాత్రం అడగరాదు.

ఇంత ఆవేశం ఎందుకని మీకు అనుమానం రావచ్చు. కారణం సముద్రం అవతల లేదు, వంక అవతల ఉంది. బండెహాల్‌కు మైలున్నర దూరంలో, వంకకు ఆ పక్కన ముప్పై రెండు ఇండ్ల పల్లె ఒకటుంది, కొర్రలదొడ్డి. మాకు వేరే పంచాయతీ కావాలి అని వాళ్లు అప్పటికి నాలుగేండ్లుగా అడుగుతున్నారు. అడిగినంత మాత్రాన ఇచ్చేస్తారా? వాళ్ల అర్జీ మీద విచారించమని పై ఆఫీసు కాగితం పంపితే, నబీ సాబ్ తన చేత్తోనే జవాబు రాసి గుండ్రటి సీలు గుద్దినాడు. "సదరు పేరు గల గ్రామము ఏదియును లేదు."

ఊరుంది, ఇండ్లున్నాయి, కోళ్లున్నాయి. నబీ సాబ్ సొంత చెల్లెలు ఇమాంబీ మెట్టినిల్లు కూడా ఆడనే ఉంది. అయినా లేదు! ఒక్క సీలు దెబ్బకు ముప్పై రెండు ఇండ్లను మాయం చేసినాడంటే చేతిలో ఎంత పనితనం ఉండాలో చూడండి.

అంతా సవ్యంగా ఉన్నప్పుడు విదేశీ శక్తులు జోక్యం చేసుకున్నాయి. కొర్రలదొడ్డి యేసేపు రేకు ముక్క మీద ఊరి పేరు రాసి, రోడ్డు పక్క వేపచెట్టుకు మేకు కొట్టి తగిలించినాడు. ఆదోని బస్సు ఆపలేదు. లేని ఊర్లో ఎట్లా ఆపుతుంది? కానీ సిరుగుప్ప నుంచి వచ్చే కర్ణాటక బస్సు ఆపింది! ఒకరోజు కాదు, రోజూ ఆపింది. పైగా కండక్టరు "కొర్రలదొడ్డీ!" అని గొంతు చించుకొని అరుస్తున్నాడు.

నబీ సాబ్ ఊరుకుంటాడా? బస్సుకు అడ్డం నిలబడి కండక్టరును నిలదీసినాడు. "అది ఊరే కాదు. ఎవురు ఆపమన్నారు నీకు?"

"జనా నింతిదారె, నిల్లిసిదె స్వామీ," అని కన్నడంలో చెప్పి విజిలు వేసినాడు కండక్టరు. జనం నిలబడినారు కాబట్టి ఆపినానంటాడు! రాజ్యాంగం తెలీదు, సరిహద్దు తెలీదు, రికార్డు తెలీదు. మనుషులు కనబడితే ఆపేయడమే! ఇట్లాంటి అమాయకుల వల్లనే దేశాలు ముక్కలవుతున్నాయి.

ఇక గుర్తింపు లేనందువల్ల కొర్రలదొడ్డికి ఒనగూరిన లాభాలు చూడండి. అక్కడ బోరింగు లేదు. అందుకని ఆడవాళ్లు రోజూ రెండు పూటలా బిందెలెత్తుకొని వంక దాటి వస్తారు. పట్నంలో ఒళ్లు తగ్గడానికి డాక్టర్ల చుట్టూ తిరిగే అమ్మలక్కలకు ఈ భాగ్యం ఉందా? స్టోరు లేదు కాబట్టి కల్తీ కిరసనాయిలు బాధ లేదు. బడి లేదు కాబట్టి పరీక్షల భయం లేదు. ఆ పల్లెలో ఈనాటి వరకూ టెన్త్ తప్పినోడు ఒక్కడు కూడా లేడు!

అట్లాగని వాళ్లను పూర్తిగా మరిచిపోయినారా? ఛ, ఎంత మాట! ఓట్ల రోజున నబీ సాబ్ ట్రాక్టరు పొద్దున్నే వంక దాటి పోయి అందర్నీ ఎక్కించుకొని వస్తుంది. ఆ ఒక్కరోజు ముసలోళ్లకు చేయి కూడా అందిస్తారు.

ఒకసారి ఇమాంబీ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకొని అన్న వాకిట్లోకి వచ్చింది.

"అన్నా, మా పల్లెలో ఒక బోరింగు ఏపించు."

"వేరే బోరింగు ఎందుకమ్మా? మీరూ మేమూ ఒగటే ఊరు. నా వాకిట్లో ఉండాది గదా, వచ్చి పట్టుకోండి."

సరేనని ఇమాంబీ బిందె పెట్టబోయింది. వరసలో ముందున్న ఉచ్చీరమ్మ ఆ బిందెను కాలితో పక్కకు జరిపింది. "ఊరోళ్లు పట్టుకున్నాంక మీరు పట్టుకుందురు గానీ. ఆ పక్క నిలబడు."

నబీ సాబ్ అరుగు మీద నుంచి అంతా విన్నాడు. పద్ధతంటే పద్ధతే కదా, చెల్లెలని అడ్డం రాగలడా?

సోమాలియా తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. "విడిపోవు ప్రాంతమును ఏ పరదేశమూ గుర్తించరాదు, ఆ ప్రజలు మాతృదేశమునకు కన్నబిడ్డలు" అని వెంకోబారావు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినాడు. అడ్రసు ఎవరికీ తెలీక "ఢిల్లీ" అని రాసి డబ్బాలో వేసినారు.

మూడు వారాల తర్వాత నబీ సాబ్ సిరుగుప్పలో పెండ్లికి పోయి తిరిగి వస్తున్నాడు. ఎక్కింది ఆ కర్ణాటక బస్సే. పైన ఎక్కడో వాన పడి వంక రొమ్ములోతు పారుతోంది. బస్సు కొర్రలదొడ్డి వైపు గట్టునే నిలిచిపోయింది. "కొర్రలదొడ్డీ! ఇళీరి స్వామీ," అని కండక్టరు ఆయన్ను దిగమన్నాడు. లేని ఊర్లో నబీ సాబ్ దిగినాడు.

ఇమాంబీ గుమ్మంలో ఎదురొచ్చి, కాళ్లు కడుక్కోమనకుండా చెంబెడు నీళ్లు తాగడానికి ఇచ్చింది. "కాళ్లకు నీళ్లు లేవన్నా. ఇయ్యి గూడా నీ బోరింగువే, నిన్నటివి."

వంక మూడు రోజులు దిగలేదు. రెండోనాడు యేసేపు భార్య సంతోషమ్మ గిన్నె పట్టుకొని వచ్చింది. పది రోజుల బాలింత, ఇంట్లో చుక్క మంచినీళ్లు లేవు. ఇమాంబీ బిందె వంచి అడుగున ఉన్నవన్నీ ఆమె గిన్నెలో పోసింది. ఆ పూట నుంచి మిగతావాళ్లంతా వంక నీళ్లే, కొంగులో వడగట్టుకొని తాగినారు. నబీ సాబ్ నోట్లో ఇసుక కరకరలాడింది. సిగ్గేసింది ఆయనకు, తల ఎత్తలేనంత సిగ్గేసింది.

వంక దిగి ఇల్లు చేరిన రోజే కూర్చొని పై ఆఫీసుకు అర్జీ రాసినాడు. "కొర్రలదొడ్డి గ్రామమునకు వెంటనే బోరింగు వేయించవలెను." ఆ పేరు ఆయన కలం నుంచి రావడం అదే మొదలు. సీలు కూడా గట్టిగా గుద్దినాడు.

నెలకు జవాబొచ్చింది. ఇమాంబీ ఖాళీ బిందెతో బోరింగు దగ్గర వరసలో నిలబడి వింటుండగా వెంకోబారావు పైకి చదివినాడు. "సదరు పేరు గల గ్రామము ఏదియును లేదని ఇదివరకే తెలియవచ్చినందున, అర్జీ తిరస్కరించడమైనది."

"ఎవుడప్పా అట్లా రాసిచ్చిన ఎదవ?" అని నబీ సాబ్ లేచినాడు.

వెంకోబారావు జవాబుకు జత చేసిన పాత కాగితం తిప్పి చూపించినాడు. కింద గుండ్రటి సీలు, పక్కన ఆయన సంతకం.

నబీ సాబ్ చెల్లెలి వైపు తిరిగి, "ఇమాంబీ, నువ్వు ముందుకు రామ్మా, పట్టుకో," అన్నాడు.

"అదెట్లా సాబూ? ఊరోళ్లింకా నలుగురుండారు," అంది ఉచ్చీరమ్మ. తన బిందె జరపలేదు.

ఇమాంబీ వరసలోంచి కదల్లేదు. "నాకేం తొందర లేదులే అన్నా. లేని ఊరిదాన్ని," అంది.

కాబట్టి పాఠకులారా, మొదట చెప్పిన మాట మీదే ఉందాం. విడిపోయినవాళ్లను గుర్తించకపోవడం చాలా గొప్ప మేలు. ఎవరికి మేలంటారా? బోరింగు ఎవరి వాకిట్లో ఉంటే వాళ్లకు.