అద్దెకున్నవాడికి బొట్టు పెట్టండి!

ఇలా దగ్గరకు జరగండి. ఇంకా దగ్గరకు! గోడ అవతలి వాడికి వినపడకూడదు.

ఇల్లు అద్దెకిచ్చి నాలుగు రాళ్లు వెనకేసుకుందామనుకునే వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే. ఖాళీ చేయని అద్దెదారుణ్ణి మించిన వరం ఈ భూమ్మీద లేదు! నవ్వకండి. పెద్దగా చదువుకోలేదు గానీ, ఈ బెంగాలీల ఊళ్లో, భవానీపూర్‌లో కింది వాటా అద్దెకిచ్చి జుట్టు నెరిపించుకున్నదాన్ని.

మామూలు అద్దెదారుడు ఏం చేస్తాడు? వెళ్లిపోతాడు! అప్పుడు మీకు బ్రోకరు కావాలి, సున్నాలు కావాలి, టు-లెట్ బోర్డు కావాలి. వచ్చేవాడు తబలా వాయిస్తాడేమోనని ఆరా తీయాలి. మా పట్టాభి పుణ్యాన నాకా బెడద లేదు. బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లు ఆఫీసులో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి దిగాడు. తర్వాత మిల్లు మానేశాడు గానీ ఇల్లు మానలేదు.

అగ్రిమెంటు పదకొండు నెలలకే రాశాం. గడువు తీరే వారంలోనే దీపావళి వచ్చింది. దీపావళి వెళ్లాక ఇక్కడి అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల నుదుట గంధం బొట్టు పెడతారు, భాయ్‌ఫోటా అంటారు. ఆ పొద్దున పట్టాభి తలంటుకుని, సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పా, ఈ ఊళ్లో నాకు తోబుట్టువంటూ ఎవులూ నేరు. నువ్వే బొట్టెట్టాల!"

పెట్టాను. ఏం చేయను, సందేశ్ తాజాగా ఉంది మరి! ఆ బొట్టు పెడితే యముడు కూడా ఆ మనిషిని కదిలించలేడని బెంగాలీల నమ్మకం. యముడే కదిలించలేనివాణ్ణి పదకొండు నెలల కాగితం కదిలిస్తుందా? అప్పటినుంచి ఏటేటా నా వేలితోనే రెన్యువల్ చేస్తున్నాను.

పోనీ అద్దె ఎగ్గొడతాడా? అదీ లేదు! ఒకటో తారీఖు పొద్దున్నే చేతిలో పెడతాడు. గొడవకు కూడా దారి ఉంచని అద్దెదారుడు ఎంతమందికి దొరుకుతాడు?

దుర్గాపూజ చందాకు క్లబ్బు కుర్రాళ్లు ఓనరుగారంటూ వాడి తలుపే తడతారు. కొత్త పోస్ట్‌మన్ అయితే నన్ను "పట్టాభిబాబుగారి మేడమీద అద్దెకుండే మాషీమా" అంటాడు, అంటే పిన్నిగారని. అననివ్వండి! నీళ్ల పంపు చెడితే తిట్లు కూడా వాడికేగా!

అయితే ఒక చిన్న ఇబ్బంది. నా మోకాళ్లు. మెట్లెక్కితే ఊరుకోనన్నాడు డాక్టరు. కూరల కోసం బుట్టకు తాడు కట్టి బాల్కనీలోంచి దించుతాను గానీ, నన్ను నేను దించుకోలేను కదా!

సిగ్గు విడిచి అడిగాను. "తమ్ముడూ, కింద వాటా నాకు కావాల. నువ్వు మరో ఇల్లు సూసుకోరా."

"ఏటప్పా అలాగంతావు! బొట్టెట్టిన సేత్తోనే గెంటేస్తావేటి?" వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, "నీ కర్ర సప్పుడుకి మాకు నిద్దర పట్టట్నేదు. అయినా నానేటైనా అన్నానా?" అన్నాడు.

"అన్నేదురా. నీ మంచితనం."

మా మనవరాలు కౌముది కోర్టుకు వెళదామంది. వెళ్లొచ్చు. కోర్టుకూ మెట్లున్నాయి.

పోయిన భాయ్‌ఫోటాకు నుదురు చాపుతూ వాడే ఉపాయం చెప్పాడు. "కింద వీధిగది వాడట్నేదప్పా. నీకు అద్దెకిచ్చెస్తాను. పదకొండు నెల్లే సుమీ! తరవాత మా బావమరిదొస్తాడు, ఖాళీ సెయ్యాల."

సంతకం పెట్టేశాను. నా ఇంట్లో నా అద్దెదారుకు నేనే అద్దెదారును! కౌముది నెత్తి కొట్టుకుంది. పిచ్చిపిల్ల! ఓనరుగా ఇన్నేళ్లు చేయలేని పని అద్దెదారుగా ఒక్క పూటలో చేశాను. కిందికి దిగాను! గోడకు మేకులు కూడా కొట్టించాను. చాలా గట్టి మేకులు.

ఈ దీపావళితో గడువు తీరుతుంది. ఈసారి సందేశ్ నేను కొంటాను. గంధం నేను తీస్తాను. నుదురు కూడా నేనే చాపుతాను. తమ్ముడు అక్కకు బొట్టు పెట్టే ఆచారం లేదంటారా? లేకపోతే నేను మొదలుపెడతాను!

ఈ సంగతి గుర్తుంచుకుని మీ పేటలో నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం నారాయణమ్మ అద్దెకుంటోందనే చెప్పండి. ఓనరని పొరపాటున కూడా నోరు జారకండి. ఓనరని తెలిస్తే నన్ను ఖాళీ చేయించేస్తారు!