అప్పల్నరసింహం గారి సున్నా

కొత్తరేవులో ప్రతి మనిషికీ కుడి చెవి వెనక తొమ్మిది పిన్నుల సాకెట్ ఉంటుంది కాబట్టి, ఏడాదికోసారి దాని వోల్టేజి చూపించుకోవడం ఆ ఊరివాళ్ళకి ఇంటిపన్ను కట్టడం లాంటిదే. ఆషాఢంలో పెడతారు ఈ టెస్టింగు. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉండవు, జనం కాస్త తీరిగ్గా ఉంటారు.

నోటిమాట అక్కడ లెక్కలోకి రాదు, వైరులో వచ్చిందే మాట. మనసులో అవుననుకుంటే మీటరు మైనస్ చూపించాలి, కాదనుకుంటే ప్లస్ చూపించాలి. ఇదేంటీ తిరగమరగగా ఉందని కొత్తగా కాపరానికొచ్చిన కోడళ్ళు అడుగుతారు. మొదట్నించీ ఇంతేనమ్మా అంటే ఊరుకుంటారు. మనిషి దగ్గర కనీసం ఐదు వోల్టులు బయల్దేరాలి. దారిలో వైరూ, వానా, చుట్టాల సలహాలూ కలిసి రెండు తినేసినా అవతలివాడికి మూడు అందాలి. మూడుకి తగ్గితే అది ఎటూ కాని మాట. అలాంటివాళ్ళ సాకెట్లో లక్క పోసి సీలేస్తారు. ఇక వాళ్ళనెవరూ ఏమీ అడగరు.

అప్పల్నరసింహం గారి బెంగంతా ఆ లక్క గురించే. ఆయన బుద్ధెరిగిన దగ్గర్నించీ ఎవరికీ అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. తమ్ముళ్ళు గట్టు తగాదా తెచ్చినా, డాక్టరు పన్ను పీకేయమంటారా అన్నా, ఆయన జవాబొకటే. "చూద్దాం."

ఆయన భార్య రవణమ్మ గారిది ఇంకో బెంగ. వీధిగదిలో కర్రీ పాయింట్ పెట్టుకోవాలని ఆవిడ కోరిక. ఇల్లు ఆయన పేర ఉంది, ఆయన మైనస్ పడితేగానీ లైసెన్సు రాదు.

"ఇవాళ మీటరు ముందే అడిగేస్తాను" అందావిడ రిక్షాలో. "లక్క పోశాక మిమ్మల్నడిగితే ఒకటే, మన బీరువానడిగితే ఒకటే."

"చూద్దాం" అన్నారాయన.

టెస్టింగు సూపర్వైజరు సూర్రావు ముందు ఆవిడకి వైరు తగిలించాడు. "వంటంటే ఇష్టమేనా అమ్మా?"

"భలేవాడివే నాయనా, ప్రాణం!"

మైనస్ తొమ్మిది. "బంగారం లాంటి రీడింగు" అని మెచ్చుకుని, వైరు ఆయనకి మార్చాడు.

"మీ పేరు అప్పల్నరసింహమేనా?"

"కాయితాల్లో అలాగే ఉండాలి మరి."

సున్నా.

"భోంచేశారా?"

"చేసినట్టే."

సున్నా.

"ఈవిడ మీ ఆవిడేనా?"

"మీకు తెలీనిదేముంది బాబూ."

సున్నా. రవణమ్మ గారు మూతి తిప్పుకుని ముందుకొచ్చింది. "నేనడుగుతానుండు. ఏవండీ, కర్రీ పాయింట్ పెట్టమంటారా, వద్దంటారా?"

"చూద్దాం."

ముల్లు కదల్లేదు. సూర్రావు మీటరు తట్టి చూశాడు, బ్యాటరీ మార్చి చూశాడు. రవణమ్మ గారు లక్క పొయ్యి వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. సూర్రావు మాత్రం లేచి నిలబడి దండం పెట్టాడు.

"ఇంత నికార్సయిన సున్నా నా సర్వీసులో చూళ్ళేదండీ! వోల్టేజంటే ఊరికే తెలీదు. ఎక్కడో ఓ సున్నా ఉండాలి, అక్కణ్ణించి కొలవాలి. దాన్నే గ్రౌండంటాం. మన పాత గ్రౌండు పెంటయ్య గారు ఈమధ్య మనవరాలి మీద మమకారం పెంచుకున్నారు. ఊళ్ళో రీడింగులన్నీ ఉయ్యాలలూగుతున్నాయి."

ఆ మధ్యాహ్నమే అప్పల్నరసింహం గారిని మునిసిపల్ ఆఫీసులో గ్రౌండుగా కూర్చోబెట్టారు. తిరిగే కుర్చీ, ఫ్యాను, అడక్కుండా టీ. ఊరందరి వైర్లలోంచీ ఒక్కో పిన్ను తెచ్చి ఆయన చెవి వెనక కలిపారు. రీడింగులన్నీ గుంజకి కట్టేసినట్టు నిలబడ్డాయి.

రవణమ్మ గారు క్యారేజీ తెచ్చింది. ఆవపెట్టిన పనసపొట్టు కూర. ఆయన ఓ ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు.

"ఏవండీ" అందావిడ మెల్లిగా. "ఇది మనిద్దరమే తింటే అన్యాయం కాదూ?"

ఆయన కళ్ళు చెమర్చాయి. ఆవఘాటో, ఇంకేమిటో.

"పెట్టుకోవే రవణా!"

మైనస్ పన్నెండు.

కొలవాల్సిన సున్నాయే పన్నెండు మెట్లు కిందకి దిగిపోయింది. దాంతో ఊళ్ళో మైనస్ ఎనిమిదిగా ఉన్న ప్రతి అవునూ ప్లస్ నాలుగై కాదని కూర్చుంది. నీళ్ళు వదిలినవాడు వెళ్ళి కట్టేశాడు. హోటల్లో సర్వరు తినబోయేవాళ్ళ ముందునించి గారెలు తీసుకుపోయాడు. పార్కులో ఓ పిల్ల అప్పుడే ఇచ్చిన చెయ్యి వెనక్కి లాక్కుంది. చైర్మన్ గారు ఆ పదవి తనకి ఇష్టం లేదని తెలుసుకుని కుర్చీ దిగారు. ఇక కాదన్నవాళ్ళ ముళ్ళయితే అంకెలు దాటిపోయి విరిగాయి.

సూర్రావు పరిగెత్తుకొచ్చాడు. "బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది, మీకిష్టాలొద్దు! ఊరు ఆగిపోయింది!"

కిటికీల నిండా జనం. ఖాళీ బిందెలవాళ్ళు, గారెలు పోయినవాళ్ళు, పార్కు కుర్రాడు. అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు. తన మాట కోసం ఇంతమంది కాసుక్కూచోవడం ఆయన ఎన్నడూ ఎరగరు. ఛాతీ కాస్త ఉబ్బింది కూడా. భార్య వైపు ఓసారి చూశారు.

"చూద్దాం" అన్నారు.

నీళ్ళొచ్చాయి. గారెలొచ్చాయి. పార్కులో చెయ్యి చేతిలోకొచ్చింది. చైర్మన్ గారు కుర్చీ ఎక్కి, దిగొచ్చి, అప్పల్నరసింహం గారికి స్వయంగా దండేశారు. చప్పట్లతో ఆఫీసు మారుమోగిపోయింది.

రవణమ్మ గారు ఒక్కో గిన్నే మూతపెట్టి క్యారేజీ సర్దుకుంటోంది. సూర్రావు ఆనందం పట్టలేక ఆవిడ సాకెట్లోనూ వైరు పెట్టాడు.

"మీ ఆయన ఇంతవారయ్యారు, సంతోషమేనా అమ్మా?"

ఆవిడ క్యారేజీ గొళ్ళెం బిగించింది.

"చూద్దాంలే నాయనా."

సూర్రావు మీటరు చూశాడు. తట్టి చూశాడు. బ్యాటరీ మార్చి చూశాడు. అప్పుడు వాడి మొహం వెలిగిపోయింది.

"ఒరే, ఎవర్రా అక్కడ! అయ్యగారి పక్కన అమ్మగారికీ ఓ కుర్చీ వెయ్యండి!"